మెట్లకు వేసిన దండ

మురమళ్ళలో దండలకు కొదువ లేదు. వృద్ధగౌతమీ తీరమున వెలసిన భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి ఇచ్చట ప్రతిదినము కల్యాణము జరుగును. దక్షయజ్ఞధ్వంసానంతరము కోపము చల్లారని వీరభద్రుడు భద్రకాళిని చూచి శాంతించి గాంధర్వవిధిని పరిణయమాడినాడనియు, మునులు కూడి ఆ పెండ్లి జరిపించిన తావు గనుక మునిమండలి యను పేరు కలిగి, అదియే వాడుకలో మురమళ్ళ యయ్యెననియు స్థలపురాణము. నిత్యము పెండ్లి జరుగు ఊరికి నిత్యము పూలు రావలెను. గంపలు దిగుట, నీళ్ళు చిలుకరించుట, అరటినారపై బంతియు చేమంతియు వరుస కట్టుట చూచుచు పెరిగిన మాకు దండ యనగా ఏటికొకమారు కనబడు వస్తువు కాదు. వంటింటిలో ఉప్పువలె ఏ పూటకాపూట ఉండవలసినది.

అట్టి ఊరిలో, గడచిన డిసెంబరులో, ఒక దండను గురించి మా వీధిలోని ఒక యింట రెండు దినములు ఆలోచన సాగినది. అది దేవుని మెడలో వేయు దండ కాదు, గుమ్మమునకు కట్టు తోరణమును కాదు. క్రిస్మసునాటికి మేడమెట్ల కమ్మీ పొడవునా వేయదలచిన దండ. ఆ యింటి యిల్లాలు ఒకప్పుడు నా యొద్ద చదువుకొన్న పిల్ల. పదునాలుగేండ్లు కువైట్‌లో పనిచేసి, ఇల్లు కట్టుకొని, ఇక వెళ్ళనని తిరిగి వచ్చినది.

మా సీమలోని పాత యిండ్లలో మెట్లకు మర్యాద లేదు. మండువా లోగిలిలో పసుపుకుంకుమలును, మావిడాకులును గుమ్మమునకే చెల్లెడివి. అటుకమీదికి ఎక్కుటకు మూలనొక నిచ్చెన ఉండెడిది, పని తీరగానే దానిని గోడకు చేరవేసెడివారు. పూరిండ్లవారికి ఆ అటుకయు లేదు. మెట్లు ఇంటి నడుమకు వచ్చి, కమ్మీ తొడిగి, వచ్చినవారి కంట పడునట్లు నిలిచినది డాబాలు లేచిన తరువాతనే. ఆ డాబాలలో ఎన్నియో కోనసీమ స్త్రీలు గల్ఫు దేశములలో ఒరుల యిండ్ల గచ్చులు తుడిచి, ఒరుల బిడ్డలను సాకి పంపిన జీతములతో లేచినవి. ఈమె పనిచేసిన యింట మూడంతస్తులకు మెట్లుండెనట. దినమునకు రెండుమార్లు వానిని పైనుండి క్రిందికి తుడుచుట ఆమె వంతు. “మెట్లు తుడవడమే గానీ వాటికి పువ్వు కట్టడం ఎప్పుడూ ఎరగనండి మాస్టారూ. ఈసారి నా మెట్లకి కడతానండి” అని ఆమె నాతో అన్నప్పుడు, ఆ “నా మెట్లు” అను మాటయొద్ద స్వరము కొంచెము తగ్గినది.

ఆలోచన ఎందుకు సాగినదనగా, బంధువులొకరు పట్టణమునుండి పచ్చని ప్లాస్టిక్ దండను తెచ్చియిచ్చిరి. దాని కొసలయందు తెల్లని మంచు అంటించియున్నది. శీతలదేశములలో ఆ ఋతువున చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుచును. అప్పుడు పచ్చదనము వీడని హాలీ, ఐవీ, ఫర్ కొమ్మలను ఇంటిలోనికి తెచ్చి తలుపులకును మెట్ల కమ్మీలకును చుట్టుకొనుటలో, జీవము అణగిపోలేదని తమకు తాము చెప్పుకొను ఓదార్పు ఉన్నది. పచ్చదనము కరవైన చోట అది సంపద. కోనసీమలో కొబ్బరియు, అరటియు, పోకయు డిసెంబరులో సైతము పచ్చగానే ఉండును; కిటికీ తెరచిన పచ్చదనము లోనికి వచ్చు ఇంటిలో ప్లాస్టిక్ ఆకు ఏమి చెప్పగలదు? ఇచ్చటివారు పండుగకు కోరుకొనునది రంగు, వెలుగు. బౌడెన్, బీర్ అను ఇద్దరు ఆంగ్లేయులు 1836లో వచ్చి, నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టా మిషనుకు పాదు వేసిన నాటినుండి ఈ డెల్టాలో తరతరములుగా నిలిచిన క్రైస్తవకుటుంబములున్నవి. వారిండ్లలో సముద్రపుటొడ్డునుండి వచ్చిన సర్వికొమ్మయే క్రిస్మసు చెట్టు. వెదురుబద్దలకు రంగుకాగిత మంటించి లోన బల్బు పెట్టినదే నక్షత్రము. ఉడికించిన మైదాజిగురుతో ఉంగరమునకు ఉంగరము తగిలించిన కాగితపు గొలుసులే అలంకారము. ధనుర్మాసము కూడ అప్పుడే గనుక, రాత్రి హార్మోనియముతోను డప్పుతోను క్యారల్సువారు పాడి వెళ్ళిన వీధిలోనే, తెల్లవారుజామున హరిదాసు చిడతలు వినబడును.

మెట్లకు దండ చుట్టుట మన ఆచారము కాదని పెదవి విరిచినవారును ఉన్నారు. నేను వారితో ఏకీభవింపను. మన పెండ్లిపందిళ్ళను, మన దేవుళ్ళను నిండుగా కప్పుచున్న ఈ బంతిపూవు మెక్సికో దేశమున పుట్టి సముద్రములు దాటి మనకు చేరినది. దానిని పరాయిదని ఎవరును త్రోసివేయలేదు. మన అరటినారతో కట్టితిమి, మనదైనది. చేతిపని ఎవరిదో అలంకారమును వారిదే.

తుదకు ప్లాస్టిక్ దండ దండెముపైననే ఉండిపోయి, పూలదండయే నిశ్చయమైనది. పూలు కట్టుటలో తలపండిన పెద్దాయన నొకరిని ఆమె పిలుచుకొని వచ్చినది. కడియపులంక బజారునుండి పూలు ముందునాటి సాయంకాలమే వచ్చి, తడిగోనెల క్రింద ఉన్నవి. మెట్లు 18. మెట్టు ఎత్తు 6 అంగుళములు, వెడల్పు 10. ఏటవాలున కమ్మీ 17 అడుగుల 6 అంగుళములు, అనగా 12 మూరలకు రవంత తక్కువ. ఆమె 12 మూరలు చాలుననుకొన్నది. పెద్దాయన కమ్మీపై చేయి వేసి పైదాక చూచి తల యడ్డముగా ఊపినాడు.

“చాలదమ్మా. బిగదీసి కడితే తాడులా ఉంటది గానీ దండలా ఉండదు. వంపు తిరగాలి. పదహారు మూరలన్నా ఉండాలి.”

“ఆయ్, అలాగేనండి బాబాయ్. పైనుంచి కట్టుకొచ్చేద్దామా అండి?”

“పైనుంచే. గుమ్మానికైతే రెండు కొసలూ సమంగా ఉంటాయి, బరువు నడిమికొస్తది. ఇది వాలు కదా. రెండు కొసలే కట్టి వదిలేస్తే అంతా జారిపోయి కింద చువ్వ దగ్గర కుప్పపడుద్ది. ప్రతి మూడో చువ్వకీ ముడి పడాల.”

నానవైచిన నారను ఆయన గోటితో సన్నగా చీల్చి, ఎడమచేతి వ్రేళ్ళసందున రెండు చేమంతులను తొడిమకు తొడిమ ఆనించి, కుడిచేతితో నారను ఒక చుట్టు త్రిప్పి, ఆ చుట్టులోనుండియే కొసను లాగి బిగించుచుండెను. తొడిమ తెగదు, ముడి వదలదు. నాలుగు వరుసలకొకమారు దవనపు రెమ్మ పడుచుండెను. బంతులను మాత్రము దబ్బనముతో గ్రుచ్చి వేరుగా పేరులు చేసి, చేమంతిదండతో పెనవేసినాడు. ముడి పడిన ప్రతి చువ్వకును ఆమె కొబ్బరాకుతో అల్లిన చిలుకను వ్రేలాడదీసినది. ఆ చిలుకల అల్లిక ఆమెకు వాళ్ళ అమ్మ నేర్పినదే. నేను చూచుచు కూర్చుంటిని. వాలున వ్రేలు వంపునకు ఒక సొగసున్నదని అప్పుడు గమనించితిని: తోరణపు వంపు నడిమికి దిగి సమముగా లేచును, మెట్లదండ వంపు క్రింది ముడి చెంత లోతై, అచ్చటినుండి రెండవ వంపునకు తొందరపడుచున్నట్లు కనబడును, కాలువ లాకునుండి లాకునకు దిగినట్లు.

మధ్యాహ్నము టీ త్రాగుచుండగా ఆమె తల్లి పాతమాట ఎత్తినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుఫానులో మా ప్రాంతమున వేయిమందికి మించి చనిపోయిరి. తెల్లవారి చూడగా కొబ్బరితోటలు కోతకోసిన చేలవలె పడియున్నవి, నిలిచిన చెట్లకు మొవ్వు లేదు. వీరి పూరిల్లు పోయినది. క్రిస్మసునకు సరిగా 49 దినములు. ఆ తొమ్మిదేండ్ల పిల్ల బడికి వచ్చి, గొలుసు చేసుకొనుటకు కాగితములిమ్మని నన్నడిగినది. బడిలో మాత్రము కాగితములెక్కడివి? బీరువాలో తడిసి ఎండిన జవాబుపత్రములుండగా ఇచ్చితిని. నేను దిద్దిన ఎఱ్ఱసిరా నీటికి కరగి వ్యాపించి, ఆ కాగితములు అక్కడక్కడ గులాబిరంగుగా ఉండెను. కట్టుటకు గుమ్మము లేదు, గోడ లేదు. కప్పు వేయుటకు తెచ్చిన వెదురు నిచ్చెన యొక్కటి నిలిచియున్నది. తల్లి ఆ గులాబి గొలుసును నిచ్చెన మెట్లకు చుట్టినదట. యాకోబు కలలో కనిన నిచ్చెన కథను పిల్లకు చెప్పినదట, దేవదూతలు దానిపై ఎక్కుచు దిగుచుండిరని. ఆ గొలుసును నేను చూడలేదు. ఇరువది తొమ్మిదేండ్లకు ఇప్పుడు విని, ఆ కాగితములు మరి నాలుగు ఎక్కువ ఇచ్చియుంటినేని ఎంత బాగుండెడిదని మనసు కొట్టుకొన్నది.

ప్రొద్దు క్రుంకునప్పటికి దండ క్రింది చువ్వకు దిగినది. సీరియల్ బల్బులు వెలిగించి చూచిరి. గుడివైపునుండి కల్యాణపు సన్నాయి వినబడుచున్నది. పెద్దాయన మిగిలిన మూరన్నర దండను చేత పట్టుకొని, పైకొసకు వేయనా అని అడిగినాడు. ఆమె వలదని, దానిని క్రింది రెండు చువ్వలకే మరల చుట్టించినది. అచ్చట దండ రెట్టింపు లావైనది. మోకాళ్ళ నొప్పులచే తల్లి మేడ ఎక్కలేదు. ఇల్లు గృహప్రవేశమైన నాటినుండి నేటివరకు ఆమె పైగదులను చూడలేదు. ఆ ముసలితల్లి మెల్లగా వచ్చి మొదటిమెట్టుపై కూర్చుండి, చేయి యందినంత మేర పూలను ఒక్కొక్కటిగా తడుముచుండెను.