వేరే గిలాస వద్దన్న అవ్వ

ఈ వారం ఒక చెంచా గురించి రాస్తున్నా. వర్గీకరణ, ఫెలోషిప్పులు, హాస్టళ్లు ఇన్ని ఉండగా చెంచా ఏందన్నా అని ఇన్‌బాక్స్‌లో అడగబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే మాట: ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఎవరు ఏ కంచంలో తినాలి, ఎవరు ఏ గిలాసలో తాగాలి అన్నది మనకు ఏనాడూ చిన్న విషయం కాలేదు.

మా అవ్వకు చేతులు వణుకుతాయి. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. గిలాస ఎత్తినా, చెంచా నోటిదాకా తెచ్చినా, సూదిలో దారం ఎక్కించబోయినా మొదలవుతుంది. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారని పెద్దాసుపత్రిలో చెప్పారు. పార్కిన్సన్ జబ్బు వేరు, అందులో చేయి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువగా వణుకుతుంది. అవ్వది పని చేసేటప్పుడు వచ్చే వణుకు. సెకనుకు 4 నుంచి 12 సార్లు కదులుతుంది. చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. మా అమ్మమ్మకూ ఉండేది.

దీనికి డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో ప్రొప్రనలాల్ ఒకటి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. అవ్వకు ఉబ్బసం ఉంది. అంటే ఆమెకు మందు కన్నా కంచమూ గిలాసే ముఖ్యం. ఈ సంగతి మందుల చీటీ మీద ఎవరూ రాయరు.

ఊళ్లో ఈ జబ్బుకు పెట్టిన పేరు వేరు. "తాగి తాగి చేతులు అట్లయినయ్." మన వాడల్లో ఎవరి చేయి వణికినా ముందు వచ్చే తీర్పు ఇదే. అవ్వ కల్లు కూడా ముట్టదు. విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బున్న చాలామందికి కొంచెం మద్యం పడితే వణుకు కాసేపు తగ్గుతుంది, దిగాక మళ్లీ పెరుగుతుంది. డాక్టర్లకు తెలిసిన ఈ సంగతి మా ఊరికి తెలియదు. అందుకే అవ్వ పెళ్లిళ్లకు పోవడం మానేసింది. పోయినా "ఆకలైతలేదు" అని పంక్తిలో కూర్చోదు. ఇంటికొచ్చి తలుపు దగ్గరేసుకుని తింటుంది.

చూసి మనసొప్పక మా బంధువుల అమ్మాయి ఒకరు పట్నం నుంచి మూతి ఉన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి తెచ్చింది. చిన్నపిల్లలు పాలు తాగే రకం. ఒక్క చుక్క కింద పడదు. అవ్వ దాన్ని చేత్తో కూడా తాకలేదు. "నాకు గిలాస ఏరు పెట్టకు బిడ్డా. సిన్నప్పటి సంది ఏరు గిలాసలనే తాగిన. ఇంట్ల గూడ ఏరు గిలాసనేనా?"

ఆ మాట వెనక ఏముందో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఆమె చిన్నప్పుడు ఊరి చాయ్ హోటల్లో మనోళ్ల గిలాసలు చూరులో దోపి ఉండేవి. తీసుకోవాలి, తాగాలి, కడిగి మళ్లీ అక్కడే దోపాలి. కూలికి పోయిన ఇంట్లో దప్పికైతే దోసిలి పట్టి వంగాలి, ఎవరో పైనుంచి నీళ్లు పోస్తారు. ఇంకొకరు పోస్తే తాగడం, ఇంకొకరు పెడితే తినడం, వేరే పాత్ర... ఇవన్నీ ఆమె శరీరానికి గుర్తున్నాయి. వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేసే వస్తువుల పుస్తకాల్లో ఈ చరిత్ర ఉండదు. మనం డిజైన్ చేస్తే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

ఇక వస్తువుల సంగతి. ఈ రంగంలో బాగా పేరు తెచ్చుకున్నది లిఫ్ట్‌వేర్ అనే చెంచా. అనుపమ్ పాఠక్ అనే ఇంజినీర్ మొదలుపెట్టిన లిఫ్ట్ ల్యాబ్స్ దాన్ని తయారుచేసింది. 2014లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. పిడిలో ఉన్న సెన్సర్లు చేతి కదలికను పసిగడతాయి. చేయి ఎటు వణికితే మోటార్లు చెంచా కొసను దానికి వ్యతిరేక దిశలో జరుపుతాయి. చేయి వణుకుతూనే ఉంటుంది, చెంచా మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది. నిజంగా గొప్ప పని. కానీ అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర దాదాపు 200 డాలర్లు, అంతకంటే ఎక్కువే ఉండేది, పైగా చార్జింగ్ పెట్టాలి. మా అవ్వ కూలి లెక్కలో అది ఎన్ని రోజుల బతుకో మీరే లెక్క వేసుకోండి.

ధర ఒక్కటే కాదు. ఆ చెంచా వెనక ఒక ఊహ ఉంది: మనిషి కుర్చీలో కూర్చుని, బల్ల మీద, ప్రతిదీ చెంచాతోనే తింటాడని. అవ్వ నేల మీద కూర్చుని చేత్తో తింటుంది. చేత్తో తినేటప్పుడు వణుకు నష్టం తక్కువ. ఎందుకంటే మణికట్టు దగ్గర చిన్నగా ఉన్న ఊపు చెంచా పొడవు పెరిగేకొద్దీ కొసన పెద్దదవుతుంది. ముద్ద అయితే అయిదు వేళ్ల మధ్యే ఉంటుంది. గట్కో, సంగటో, జొన్నరొట్టో తినేటప్పుడు అవ్వకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇబ్బందంతా చారు, మజ్జిగ, చాయ్, నీళ్లతోనే. కాబట్టి మేం మొదట తేల్చుకున్నది ఏం మార్చకూడదు అన్నది. చేతి ముద్దను మార్చకూడదు.

తర్వాత మా ఊరి వెల్డింగ్ షాపు అన్నతో కలిసి ఒక్కొక్కటే చేసి చూశాం. బరువైన పిడి పెడితే వణుకు తగ్గుతుందని అంటారు, కొందరికి తగ్గుతుంది కూడా. అవ్వకు నాలుగు చెంచాలయ్యేసరికి భుజం లాగింది, పక్కన పెట్టేశాం. పిడి పొట్టిగా కోసి, సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగితే పట్టు బాగా కుదిరింది. చెంచా గుంట లోతుగా, చిన్న గరిటెలా ఉంటే చారు నిలిచింది. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారలేదు. కంచాన్ని ఎత్తుపీట మీద పెడితే చేయి నోటికి చేరే దూరం తగ్గింది. మోచేయి మోకాలికి ఆనించే వీలూ దొరికింది. కంచానికి ఒకవైపు నిటారు అంచు ఉంటే అన్నం దానికి నెట్టి కలుపుకోవచ్చు. గిలాస అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలి, సగమే పోయాలి. చుక్క కూడా పడకుండా పోలేదు. అయినా చారు ఇప్పుడు చీర మీద కంటే కడుపులోకే ఎక్కువ పోతోంది.

అవ్వ పెట్టిన షరతు ఇంకొకటి: అటువంటి గిలాసలే ఇంట్లో అందరికీ ఉండాలి. ఆరు కొన్నాం. ఇప్పుడు చుట్టాలొస్తే ఎవరి గిలాస ఏదో ఎవరికీ తెలియదు.

ఇది అవ్వ మొండితనం అనుకోకండి. మంచి డిజైన్ నడిచిన దారి కూడా ఇదే. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి తన భార్య కీళ్లనొప్పులతో కూరగాయల తొక్క తీయలేక పడుతున్న బాధ చూసి, లావుపాటి మెత్తని రబ్బరు పిడితో పీలర్ చేయించాడు. 1990లో ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. దాన్ని రోగుల వస్తువుగా అమ్మలేదు. అందరి వంటింటి వస్తువుగా అమ్మారు, అందరూ కొన్నారు.

ఇంకో మాట. వణికే చేతులు ఎవరివి? మాంగనీస్ ధూళి ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులకు పార్కిన్సన్ లాంటి జబ్బు వస్తుందని వైద్యానికి 19వ శతాబ్దం నుంచీ తెలుసు. పారాక్వాట్ లాంటి పురుగు, కలుపు మందులకూ పార్కిన్సన్‌కూ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. ఆ గనుల్లో దిగేదెవరు, ఆ మందు డబ్బా వీపున మోసేదెవరు? 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్ పేరు ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్ పేరు లేదు. పేరు లేనిదాని కోసం సర్టిఫికెట్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంజినీరింగ్, డిజైన్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇదిగో పని. మోటారూ యాప్ తర్వాత చూద్దాం. ముందు వణికే చేతులున్న అయిదుగురి పక్కన కూర్చుని తినండి. ఏం ఒలుకుతుందో, ఏం ఒలకదో రాసుకోండి. దేనికి సిగ్గుపడి లేచిపోతున్నారో అడగండి. వంద, రెండొందల్లో ఊరి వెల్డింగ్ షాపులో చేయగలిగింది గీయండి. గీసినదాన్ని వాళ్ల చేతికిచ్చి, వాళ్లు వద్దంటే మార్చండి. పని పూర్తయిందో లేదో తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే: ఆ గిలాస పట్టుకుని ఆ మనిషి పెళ్లి పంక్తిలో కూర్చుంటే, పక్కవాళ్లు కూడా అదే గిలాస అడిగి తీసుకోవాలి.

చేసినవాళ్లు కొలతలు, ఫొటోలు కింద పెట్టండి. అడిగినవాళ్లకు మా చెంచా కొలతలు నేనూ పంపుతా.

జై భీమ్.