పల్నాటి ఎండలో మా కారు ప్రయాణం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదండీ. ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే మే నెలలో ఒక్కసారి పల్నాడు వెళ్ళి రావాలి. మేం 2023 మే మూడో వారంలో వెళ్ళాం. అప్పటికి రోహిణి కార్తె ఇంకా రానేలేదు. అయినా రోలు పగలడానికి ఏమంత దూరంలో లేదనిపించింది!

పిల్లలకి సెలవులు. మా ఆడపడుచు తన ఏడాదిన్నర పిల్లాడితో పుట్టింటికొచ్చింది. "మాచర్ల చెన్నకేశవస్వామిని చూసి ఎన్నేళ్ళయిందో" అని అత్తయ్య నాలుగుసార్లు అన్నారు. మావారు ఐదోసారి అనిపించుకోకుండా కారు తీశారు. గుంటూరులో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, రెండు సీసాల మజ్జిగ, నాలుగు దోసకాయలు, పిల్లాడి పాలసీసా అన్నీ డిక్కీలో సర్దాను. వేసవి ప్రయాణానికి పెరుగన్నం కలిపేటప్పుడు పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేస్తే చాలు. తినే వేళకి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది.

పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీలు, అది దాటితే నాపరాళ్ళ గుట్టలు. పొలాల గట్లు రాళ్ళే, ఇళ్ళ గోడలు రాళ్ళే. పొద్దున్న తాగిన ఎండని సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటాయి ఆ రాళ్ళు. గురజాల దాటాక రెంటచింతల వచ్చింది. వేసవి వస్తే చాలు, రేడియో వార్తల్లో ఎండ ఎక్కువని చిన్నప్పుడు మనం విన్న ఊరు. "ఇదేనా రెంటచింతల!" అని మా అమ్మాయి అద్దం దించి చెయ్యి బయట పెట్టి, "అబ్బ, వేడి!" అని వెంటనే లోపలికి లాక్కుంది. అప్పటికి ఎనిమిది కూడా కాలేదు.

మాచర్ల గుడి చంద్రవంక ఒడ్డున ఉంది. పల్నాటి బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన గుడి. రాతి మంటపంలోకి అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. దర్శనం, ప్రదక్షిణ, అత్తయ్య అందరి పేర్లూ గోత్రాలూ చెప్పుకోవడం అన్నీ అయ్యేసరికి రెండు గంటలు పట్టింది.

వచ్చేటప్పుడు మావారు ఎంతో తెలివిగా ఒక వేపచెట్టు నీడలో కారు పెట్టారు. తిరిగొచ్చేసరికి నీడ అక్కడే ఉంది గానీ, కారు మీద లేదు! పొద్దున్న సూర్యుడు తూర్పున ఉంటే నీడ పడమటికి సాగుతుంది. మిట్టమధ్యాహ్నానికి చెట్టు కిందికి ముడుచుకుంటుంది. ఆ తర్వాత తూర్పుకి తిరుగుతుంది. మనం వచ్చినప్పుడు నీడ ఎక్కడుందో కాదు, వెళ్ళేటప్పుడు ఎక్కడుంటుందో చూసుకుని కారు పెట్టాలన్నమాట. పెరట్లో అప్పడాలు, వడియాలు ఎండబెట్టే మనకి ఈ లెక్క కొట్టిన పిండే. కానీ కారు పెట్టేటప్పుడు మనల్ని అడిగేదెవరు?

తలుపు తీస్తే పొయ్యి మీంచి కుక్కరు మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. మావాడు గబుక్కున ఎక్కి కూర్చుని బెల్టు కొక్కెం పట్టుకుని, "అమ్మా, కాలింది!" అని కేక పెట్టాడు. వేలు ఎర్రబడింది. చన్నీళ్ళతో కడిగి సముదాయించాను.

అక్కణ్ణుంచి ఎత్తిపోతల వెళ్ళాం. నాగార్జునసాగర్ ఆనకట్టకి సుమారు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉందిది. చంద్రవంక నది ఇక్కడ డెబ్భై అడుగుల ఎత్తునుంచి లోయలోకి దూకుతుంది. పూర్వం యతులు తపస్సు చేసిన చోటు కాబట్టి 'యతి తపో తలం' అనేవారనీ, అదే జనం నోట్లో ఎత్తిపోతల అయిందనీ చెబుతారు. కింద దత్తాత్రేయస్వామి గుడి ఉంది. మొసళ్ళ పెంపక కేంద్రం కూడా ఉంది. వానాకాలంలో చూడాల్సిన అందమే గానీ, మేలో కూడా ఆ సన్నటి ధార చప్పుడు వింటే చెవులు చల్లబడ్డాయి.

ఇక్కడే నేనో పొరపాటు చేశాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పిల్లాడు నిద్రపోయాడు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఈసారి కారు దట్టమైన చింతచెట్టు నీడలో ఉంది. ఏసీ వేసుకుని వచ్చాం కాబట్టి లోపల చల్లగానే ఉంది. "అత్తయ్యా, మీరూ బుజ్జిగాడూ కార్లోనే ఉండండి. అద్దాలు రెండంగుళాలు దించి ఉంచుతాం. పది నిమిషాల్లో జలపాతం చూసొచ్చేస్తాం" అన్నది నేనే. మా ఆడపడుచు "వాణ్ణి ఎత్తుకుంటాలే వదినా" అంటే, "పాపం, నిద్ర ఎందుకు పాడుచేస్తావు?" అని ఆపింది కూడా నేనే. మావారు తాళం జేబులో వేసుకున్నారు.

చూసే చోటికి చేరామో లేదో, కళ్ళజోడు కార్లో మర్చిపోయానని గుర్తొచ్చింది. మావారి దగ్గర తాళం తీసుకుని వెనక్కొచ్చాను. దూరంనుంచే చూస్తే, మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఒకావిడ మా కారు అద్దం మీద కొడుతోంది. నా గుండె జారిపోయింది. "అమ్మా, పెద్దమ్మగారికి తలుపు రావట్లేదంట, తొందరగా రండి!" అని అరిచింది.

పరుగున వెళ్ళి తలుపు తీశాను. అత్తయ్య జాకెట్టు తడిసి ముద్దయింది. చేతిలో పైటచెంగుతో పిల్లాడికి విసురుతున్నారు. వాడి మొహం కందిపోయింది, జుట్టు నుదుటికి అంటుకుపోయింది, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మూలుగుతున్నాడు. ఇంజన్ ఆపితే అద్దాలు దించే బటన్లు పని చెయ్యవు. వెనక తలుపులకి పిల్లల కోసం పెట్టే లాకు వేసి ఉంది. అది వేస్తే లోపల్నుంచి ఎంత లాగినా తలుపు రాదు. మా పిల్లల భద్రత కోసం మేం వేసిన లాకే అత్తయ్యని లోపల బంధించింది. మోకాళ్ళతో ముందు సీట్లోకి దాటలేరు. ఫోను నా సంచిలో ఉంది.

పిల్లాణ్ణి చెట్టు కిందికి తీసుకెళ్ళి, చొక్కా విప్పి, తడి తువ్వాలుతో ఒళ్ళంతా తుడిచి, విసిరి, చెంచాతో నీళ్ళు పట్టించాను. పావుగంటకి వాడు మామూలుగా ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే వచ్చినంత సంతోషం నాకు ఇంతవరకు ఏ పాటకీ రాలేదు. పొత్తులావిడకి డబ్బివ్వబోతే తీసుకోలేదు. "పిల్లోడు బాగుంటే చాలమ్మా" అంది. పది పొత్తులు కొనుక్కున్నాం.

ఇంటికొచ్చాక ఇదంతా ఎందుకు జరిగిందని చదివాను. ఎండ వెలుగు అద్దంలోంచి లోపలికి వచ్చి డాష్‌బోర్డునీ సీట్లనీ కాలుస్తుంది. వాటినుంచి పుట్టిన వేడికి బయటికి దారి ఉండదు. 2005లో అమెరికా డాక్టర్లు ఆపి ఉంచిన కారులో కొలిచి చూశారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో ఐదింట నాలుగొంతులు మొదటి అరగంటలోనే! అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా కనపడలేదు. నా రెండంగుళాల తెలివి అందుకే పనికిరాలేదు. 2018లో ఆరిజోనాలో, బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో మరికొందరు కొలిచారు. ఎండలో గంటసేపు ఉన్న కార్లో గాలి సుమారు 47 డిగ్రీలు, స్టీరింగు 53, డాష్‌బోర్డు 69. నీడలో ఉంచిన కార్లో స్టీరింగు 42, డాష్‌బోర్డు 48. అంటే నీడ మేలే గానీ, నీడలో ఉన్నా కారు చల్లటి గది కాదు. పైగా పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుందట.

ఆ మధ్యాహ్నం అనుపు వెళ్ళాం. సాగర్ నీళ్ళలో మునిగిపోతాయని ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నిటిని తెచ్చి మళ్ళీ ఇక్కడ నిలబెట్టారు. మెట్లుమెట్లుగా ఉన్న ఆ రంగస్థలం చూసి తీరాలి. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్ళాలి. వేసవిలో నీరు తగ్గితే లాంచీలు తిరగకపోవచ్చు, శుక్రవారం మ్యూజియానికి సెలవు. కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరండి. మేం కొండని దూరంనుంచే చూసి దణ్ణం పెట్టుకున్నాం. అనుపులో మాత్రం కారు ఆగగానే అందరం దిగాం. అత్తయ్య చెట్టు కింద చాప మీద, పిల్లాడు వాళ్ళమ్మ చంకలో.

దుప్పటి ఉపాయం అత్తయ్యదే. "మా రోజుల్లో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టేవాళ్ళం. ఎండని గుమ్మం బయటే ఆపాలి గానీ, లోపలికొచ్చాక విసురుకుంటే ఏం లాభం?" అన్నారు. ముందు అద్దం మీద బయటివైపు తెల్ల దుప్పటి పరిచి, అంచులు తలుపుల్లో ఇరికించాం. గంటన్నర తర్వాత వచ్చి చూస్తే స్టీరింగు చేత్తో పట్టుకోగలిగారు మావారు. పొద్దున్న మాచర్లలో రుమాలు చుట్టి పట్టుకున్నారు!

అప్పట్నుంచి మా ఇంట్లో పాటిస్తున్నవి కొన్ని చెబుతాను. మీకూ పనికొస్తాయి.

* కారు ఎండలోనే పెట్టక తప్పకపోతే సూర్యుడు వెనకవైపు ఉండేలా పెట్టండి. ముందు అద్దం పెద్దది, వేడి ఎక్కువ దాన్లోంచే వస్తుంది.

* ముందు అద్దానికి మెరిసే రేకు అట్ట గానీ తెల్ల దుప్పటి గానీ అడ్డం పెట్టండి. అద్దాలకి నల్ల ఫిలిం అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. కారు ఆగినప్పుడు పెట్టి, కదిలేముందు తీసేసే తెరలతో ఏ చిక్కూ లేదు.

* దిగేముందు స్టీరింగుని సగం తిప్పి ఉంచండి. చేత్తో పట్టుకునే భాగం కిందికి వెళ్ళి ఎండ తగలకుండా ఉంటుంది. సీట్ల మీద, బెల్టు కొక్కేల మీద పాత నూలు తువ్వాళ్ళు కప్పండి.

* ఎక్కేముందు ఒకవైపు అద్దం పూర్తిగా దించి, ఎదుటివైపు తలుపు ఐదారుసార్లు తీసి వెయ్యండి. లోపలి వేడిగాలి బయటికి పోతుంది. రెండు నిమిషాలు అద్దాలు దించుకునే వెళ్ళి, అప్పుడు ఏసీ వేసి అద్దాలు ఎత్తండి. త్వరగా చల్లబడుతుంది.

* కాలుతున్న అద్దం మీద, ముఖ్యంగా గీతపడ్డ అద్దం మీద, ఐసునీళ్ళు గుమ్మరించకండి. పగలొచ్చు.

* ఎండుగడ్డి మీద కారు ఆపకండి. కింద సైలెన్సరు కాలుతుంటుంది, గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది. కొబ్బరిచెట్టు కింద ఎందుకు ఆపకూడదో నేను చెప్పక్కర్లేదు!

* లైటరు, సెంటు డబ్బాలు, శానిటైజరు, ఫోను, మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, కార్లో వదిలెయ్యకండి. అన్నం డబ్బాలు కూడా మీతోనే దించుకోండి. మా పులిహోర నిలిచింది గానీ దోసకాయలు వాడిపోయాయి.

* మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని ఎవ్వరూ కూర్చోకండి. విషవాయువు వాసన రాకుండానే ప్రాణం తీస్తుంది.

* పిల్లలు కారు తాళంతో ఆడుకోకుండా చూడండి. ఇంటిముందు ఆపిన కారుకైనా తాళం వెయ్యండి. ఆడుకుంటూ లోపల దూరి బయటికి రాలేని పిల్లలున్నారు.

* వేడి తగిలిన పిల్లలు మగతగా ఉన్నా, వాంతులు అవుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా ఒళ్ళు తడుపుతూనే 108కి ఫోన్ చెయ్యండి. మగతలో ఉన్న పిల్లల నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. ఇంజన్ ఆగితే అందరూ దిగాలి. ఐదు నిమిషాలైనా సరే, నీడైనా సరే, నిద్రపోతున్నా సరే. నిద్ర పాడైతే మళ్ళీ జోకొట్టుకోవచ్చు.

తిరిగొస్తూంటే దారిలో నేను అత్తయ్యని క్షమించమని అడిగాను. ఆవిడ నవ్వి, "నీదొక్కదానిదే తప్పేమిటమ్మాయ్, చల్లగా ఉందని నేనూ తల ఊపానుగా" అన్నారు. కాసేపాగి, "అయినా ఆ జలపాతం నేను చూడనేలేదు. వానలు పడ్డాక మళ్ళీ తీసుకురండి. మెల్లగా నడుస్తాను గానీ, కార్లో మాత్రం కూర్చోను" అన్నారు.

ఆ ఏడు శ్రావణంలో తీసుకెళ్ళాం. నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచి, తనివితీరా చూశారు. పొత్తులావిడ కోసం వెతికితే కనిపించింది. బుజ్జిగాడు ఈసారి ఆవిడ చేతిలోంచి పొత్తు లాక్కుని మరీ తిన్నాడు!