ఒకే పెట్టెలో అవ్వ గొంతు

మా ఇంట్లో రెండు భాషలు. నాయనది తెలుగు, అమ్మది తమిళం. నాయన సొంతూరు హోసూరు దగ్గర ఒక పల్లె. వేసవి సెలవులకు అక్కడికి వెళ్తే రాత్రిపూట వాకిట్లో చాప పరిచి అవ్వ పాటలు పాడేది. రాగులు విసిరేటప్పటి పాటలు, నాట్లప్పటి పాటలు, పెండ్లిలో వియ్యపురాలిని ఆట పట్టించే పాటలు. మనం తరగతిలో జానపద గేయాలు అని చదువుకునేవి నాకు మొదట అవ్వ దగ్గరే తెలిశాయి. అప్పుడు వాటికి ఒక పేరుందని కూడా తెలియదు.

2019 వేసవిలో మా అత్త కొడుకూ నేనూ కలిసి అవ్వను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేశాం. నాకప్పుడు పదమూడేళ్లు. మొత్తం 46 పాటలు, 9 కథలు. ఫోన్ నిండిపోయింది. నాయన దగ్గర ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ ఉండేది. "దీంట్లో వేసేస్తే భద్రం" అన్నాడు. వేసేసి, ఫోన్లోవి తీసేశాం. అవ్వ ఆ నల్ల పెట్టెను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతే ఉండాది, దీంట్లో నా గొంతు ఎట్ట పట్టింది మే?" అంది. అందరం నవ్వాం.

అవ్వ 2023 చివర్లో పోయింది. మొదటి తిథికి బంధువులందరూ వస్తారు కదా, పాటలు వినిపిద్దామని ముందు రోజు హార్డ్ డిస్క్ బయటికి తీశాను. లాప్‌టాప్‌కి తగిలించగానే దీపం వెలిగింది. లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు. తర్వాత టక్, టక్, టక్ మని మూడు సార్లు కొట్టి ఆగిపోయింది. తెర మీద ఏమీ రాలేదు. వైరు మార్చాను. వేరే లాప్‌టాప్‌కి పెట్టాను. తీశాను, పెట్టాను. ఒక పదిసార్లు అలా చేసుంటాను. ఆ టక్ టక్ విన్న వెంటనే ఆపేయాలని నాకు తెలియదు.

రిచీ స్ట్రీట్‌కు తీసుకెళ్తే ఒక అన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, డాక్టరు నాడి చూసినట్టు. "హెడ్ పోయిడుచ్చు మా" అన్నాడు. డేటా వెనక్కి తీసే చోటు ఒకటి చెప్పాడు. అక్కడ పదిహేను వందలు కట్టించుకుని విప్పి చూశారు. ఒక ఫొటో చూపించారు. లోపలి పళ్లెం అద్దంలా మెరుస్తోంది, దాని మీద గుండ్రంగా ఒక గీత. గీసుకుపోయిన చోట ఉన్నది ఇక రాదు, మిగతాది కూడా నమ్మకంగా చెప్పలేం అన్నారు. ప్రయత్నించాలంటే ఎన్నో వేలు అవుతుందన్నారు. నాయన ఆ డిస్క్‌ను కవర్లో పెట్టి తిరిగి ఇంటికి తెచ్చాడు. బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఒక్కటే అడిగాడు. "నీకు ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా వచ్చా?"

రాదు. అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి కదా అని నేను ఒక్కటీ నేర్చుకోలేదు.

ఆ తర్వాతే ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో చదివాను. చదివితే, అది అన్నేళ్లు పనిచేయడమే గొప్ప అనిపించింది. హార్డ్ డిస్క్ పుట్టింది 1956లో. ఐబీఎం చేసిన ఆ మొదటి డిస్క్‌లో 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. అంత పెద్ద యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలు మాత్రమే. మనం చేత్తో పట్టుకుని తిరిగే డిస్కుల్లో పళ్లాలు చిన్నవైపోయాయి కానీ పద్ధతి అదే. పళ్లెం తిరుగుతుంది, దాని మీద ఒక చిన్న హెడ్ కదులుతూ అయస్కాంతపు గుర్తులు చదువుతుంది. ఇలాంటి చిన్న డిస్కుల్లో చాలావాటి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. హెడ్ పళ్లేనికి తగలకూడదు. గాలి పొర మీద తేలుతుంది. ఆ సందు మన తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. దుమ్ము రేణువు దూరినా, తిరుగుతుండగా దెబ్బ తగిలినా, హెడ్ పళ్లేన్ని గీరేస్తుంది. గీరిన ప్రతిసారీ కొంచెం పొడి రాలుతుంది. ఆ పొడి మళ్లీ గీరుతుంది. నేను పదిసార్లు పెట్టి తీసినప్పుడు లోపల జరిగింది బహుశా అదే.

ఇంతకీ ఒక డిస్క్ ఎన్నాళ్లు బతుకుతుంది? తయారు చేసేవాళ్ల కాగితంలో పది లక్షల గంటలు అని రాసి ఉంటుంది. లెక్క వేస్తే 114 ఏళ్లు! నేను మొదట అలాగే అర్థం చేసుకున్నాను. కానీ అది ఒక డిస్క్ ఆయుష్షు కాదు. చాలా డిస్కులను కలిపి చూసినప్పుడు, ఏడాదికి నూటికి ఒకటి కన్నా తక్కువ పోతాయని చెప్పే లెక్క. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు సుమారు లక్ష డిస్కుల లెక్కలు తీసి చూస్తే, చాలా చోట్ల ఏడాదికి నూటికి రెండు నుంచి నాలుగు పోతున్నాయని తేలింది. అదే ఏడాది గూగుల్ వాళ్లు కూడా లక్షకు పైగా తమ డిస్కుల మీద ఒక పరిశోధన ప్రకటించారు. డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే గమనించుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాని పేరు స్మార్ట్. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ఆ ఏర్పాటులోని ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయట. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఈ మాటకే. జ్వరం రాదు, దగ్గు రాదు.

నూటికి రెండో నాలుగో అంటే తక్కువే కదా అనిపిస్తుంది. వేల డిస్కులు ఉన్న కంపెనీకి అది ఒక లెక్క. మన ఇంట్లో ఉండేది ఒక్కటే. అది పోతే నూటికి నూరు పోయినట్టే. ఇంకో విషయం, గ్యారంటీ కాలంలో పోతే కొత్త డిస్క్ ఇస్తారు. ఖాళీది.

మరి పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ నయమా అని మా క్లాసులో అడిగారు. వాటిలో తిరిగే భాగాలు లేవు కాబట్టి కింద పడినా అంత సులువుగా దెబ్బ తినవు. కానీ వాటిలో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే అది మెల్లగా కారిపోవచ్చు. క్లౌడ్ అంటే కూడా ఎక్కడో ఉన్న డిస్కులే. తేడా ఒక్కటే, అక్కడ మన ఫైలు ఒకటికి మించి చోట్ల ఉంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే అదీ లేనట్టే. ఏ వస్తువును నమ్మాలి అని అడిగినన్నాళ్లూ జవాబు దొరకదు. ఎన్ని చోట్ల ఉంది అని అడగాలి.

తెలుగు చదివే మనకు ఇది కొత్త సంగతి కాదు. తాటాకులకూ ఆయుష్షు ఉండేది. పురుగు తినేది, చెమ్మకు పాడయ్యేది. అవి పాడయ్యేలోపు ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీద మళ్లీ రాశారు కాబట్టే పాత కావ్యాలు మన దాకా వచ్చాయి. సి.పి. బ్రౌన్ చేసిన పెద్ద పని నిఘంటువు ఒక్కటే కాదు. జీతాలిచ్చి పండితులను, లేఖకులను పెట్టుకుని ఊరూరి ప్రతులు తెప్పించి నకళ్లు రాయించాడు. ఆయన సేకరణలో చాలా భాగం మన చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనే ఉంది. దాచడం అంటే బీరువాలో పెట్టడం కాదు, నకలు తీస్తూ ఉండడం.

మా అవ్వ పాటల్లో మిగిలినవి కూడా అలాగే మిగిలాయి. అత్త ఏది దొరికినా వాట్సాప్‌లో అందరికీ పంపుతుంది. మేము విసుక్కునేవాళ్లం. 2019లో ఆమె అలా పంపిన మూడు పాటలు ఒక చిన్నమ్మ ఫోన్లో దొరికాయి. నాలుగోది మాత్రం అమ్మ దగ్గర దొరికింది. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు తెలుగు రాదు. అవ్వ పాటలు వింటూనే నేర్చుకుంది. ఒక పాటను పాల లెక్కల నోటుబుక్కులో తమిళ అక్షరాలతో రాసి పెట్టుకుంది. నేను దాన్ని తెలుగు లిపిలోకి మారుస్తుంటే ఒక చోట ఆగిపోయాను. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అమ్మ జ కి కూడా చ అక్షరమే రాసింది. ఆ మాట కాసు కావచ్చు, గాజు కావచ్చు. అన్న చెల్లెలికి తెస్తానన్నది ఏది? అత్తకు ఫోన్ చేస్తే పాడి చూసుకుని "గాజే" అంది. అమ్మ మాత్రం "కాసే, నాకు బాగా గుర్తు" అంటోంది. అవ్వను అడిగే వీలు లేదు. నేను రెండూ రాసి పెట్టాను.

ఇప్పుడు ఆ నాలుగు పాటలు నాలుగు చోట్ల ఉన్నాయి. నా లాప్‌టాప్‌లో, ఒక కొత్త డిస్క్‌లో, క్లౌడ్‌లో, హోసూరులో అత్త దగ్గర. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండాలని ఒక సూత్రం ఉంది, 3-2-1 అంటారు. ఆరు నెలలకొకసారి తెరిచి వినాలని ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను. ఇవి కాక, నాలుగూ నోటికి నేర్చుకుంటున్నాను. రెండు పూర్తిగా వచ్చేశాయి.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాశానంటే, పోయిన ఏడాది ప్రాజెక్టు కోసం మనమందరం మన ఇళ్ల నుంచి, ఊళ్ల నుంచి పాటలూ సామెతలూ రికార్డు చేసి తెచ్చాం కదా. అవన్నీ మన శాఖ గదిలోని ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. మనలో చాలామంది ఫోన్లోవి తీసేశాం, నేను కూడా. మేడమ్‌ను అడిగితే శుక్రవారం మధ్యాహ్నం గది తెరిచి పెడతామన్నారు. మీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. మీవి మాత్రమే కాదు, పక్కనున్న అమ్మాయివి కూడా కాపీ చేసుకుని వెళ్లండి.