గాలి మనకు కొత్త కాదు

మంగళవాడ వారు పడవను గురించి వ్రాస్తున్నారంటే మీలో కొందరికి నవ్వు రావచ్చును. మా పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చేరినదైనా, దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ నేలే. ఇంట తెలుగు, బడిలో కన్నడం. ఇక నీటి సంగతి చెప్పవలసివస్తే, నాగలమడికె దగ్గర పెన్నేరు ఉన్నదన్న పేరేగాని, ఏడాదిలో చాలా నెలలు అందులో కనబడేది ఇసుకే. మాకు వానకు కరవుగాని ఎండకూ గాలికీ కరవులేదు. ఆ ఎండను నమ్ముకొనే తిరుమణి ప్రాంతపు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాలలో 2,000 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వెలసినది. అటువంటి సీమవాళ్ళం, తెరచాప పడవ ఎక్కబోయే పిల్లను సిద్ధం చేయవలసి వచ్చినది.

మా పెద్దమ్మాయి కాపురం సికింద్రాబాదులో. దాని కూతురికి పదకొండేళ్ళు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతారని విని, తానూ వెళ్ళితీరాలని పట్టుబట్టినది. అల్లుడుగారు సరే నన్నారు. చిక్కల్లా మా ఇంటిలోనే. మా అమ్మకు ఎనభై ఆరేళ్ళు. ఆమె తమ్ముడు పన్నెండో ఏట సేద్యపు బావిలో దిగి మళ్ళీ పైకి రాలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన మాట అది. అయినా ఆనాటినుండి మా ఇంట ఎవరినీ ఈతకు దిగనివ్వలేదు. "నీళ్ళతో ఆటలు మన ఇంటికి అచ్చిరావు" అన్నది అమ్మ. ఆ మాటను తోసివేయడానికి మాకు నోరు రాలేదు. పిల్ల ఉత్సాహాన్ని అణచడానికీ మనసొప్పలేదు. చివరకు ఒక నిర్ణయానికి వచ్చాము. వద్దనడమూ కాదు, పోనిమ్మనడమూ కాదు. భయానికి గల కారణాలను ఒక్కొక్కటిగా ఎంచి, ఒక్కొక్కదానికి విరుగుడు చూడాలి. అవన్నీ సమకూడిన తరువాతనే పడవ.

మొదటిది ఈత. "ఈతకు మించిన లోతు లేదు" అని మన పెద్దల సామెత. నడుముకు బెండు కట్టుకొని బావిలో నేర్చుకొనే వారికి అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే నాలుగు బారలు వేస్తే గట్టు అందుతుంది. పెద్ద చెరువులో అసలు ప్రమాదం లోతు కాదు, దూరం. అలసట, అల, తడిబట్టల బరువు కలిసి మనిషిని లొంగదీస్తాయి. కనుక పిల్లకు ఐదు నెలలు ఈత నేర్పించాము. ఒంటిమీది బట్టలతోనే నీళ్ళలో తేలుతూ నిలవడం కూడ నేర్చుకొన్నది.

రెండవది లైఫ్ జాకెట్. ఈత వచ్చును గదా అని దీనిని మానరాదు. తలకు దెబ్బ తగిలినవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే. జాకెట్ ఒంటికి సరిపోవాలి. పట్టీలన్నీ బిగించిన తరువాత భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. అది చెవులదాకా లేచివస్తే ఆ పిల్లకు అది పనికిరాదు. చిన్నపిల్లలకైతే కాళ్ళ నడుమగా వచ్చే పట్టీ కూడ ఉండాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర వరదమీదున్న నదిలో విహారపు పడవ మునిగి ఎందరో పోయారు. పడవలో ఉంచిన జాకెట్ వేరు, ఒంటిమీదున్న జాకెట్ వేరు. బోల్తాపడుతున్న పడవలో దానిని వెదకి తొడుక్కొనే వ్యవధి ఉండదు.

"అది చెరువే గదా, సముద్రమా?" అని బంధువు లొకరు తేలికగా అన్నారు. ఆ చెరువులోనే 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసికొనిపోతున్న పడవ ఒరిగి, విగ్రహంతో సహా మునిగి, మనుషుల ప్రాణాలు తీసినది. ఆ విగ్రహాన్ని పైకి తీసి నిలిపినది 1992 డిసెంబరులో. నీటికి పేరు ఏదైనా, బరువు ఒక ప్రక్కకు చేరితే ఒక్కటే న్యాయం.

ఇక పడవ సంగతి. పిల్లలు నేర్చుకొనేదానిని ఆప్టిమిస్ట్ అంటారు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన రూపొందించినది. సుమారు ఏడుముప్పావు అడుగుల పొడవు, ముప్పయి అయిదు కిలోల బరువు, ఒకటే తెరచాప, ఒక చుక్కాని. మోటారు లేదు. గాలే దాని ఎద్దు. ఎదురుగాలికి తిన్నగా పోలేదు. కొంత కుడికీ, కొంత ఎడమకూ అడ్డంగా మళ్ళుతూ పైకెక్కాలి. కొండదారిలో బండి మలుపులు తిరుగుతూ ఎక్కినట్లే. అలా మళ్ళినపుడు తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య తలమీదుగా ఇటునుండి అటు విసురుగా వస్తుంది. తల వంచడం అలవాటు చేసికోవాలి.

పిల్ల ఈ సంగతులన్నీ ఫోనులో చెప్తూ ఉంటే, అంతవరకూ మూతి ముడుచుకొన్న అమ్మ, "గాలి ఏ తట్టునుంచో ముందుగా ఎట్ల తెలుసుకొంటారంట?" అని అడిగినది. తరువాత తానే చెప్పనారంభించినది. కల్లంలో రాగులు తూర్పారబట్టేటపుడు చేటెత్తడానికి ముందు చిటికెడు పొట్టు జారవిడిచి చూడాలి. చెవికి ఏ ప్రక్క చల్లగా తగులుతున్నదో గమనించాలి. ఎండాకాలం మధ్యాహ్నం మబ్బు పట్టితే, వానకు ముందర గాలి కాసేపు చచ్చినట్లు నిలిచి, ఉన్నట్టుండి మబ్బు తట్టునుంచి కొట్టుకొనివస్తుంది. "ఆ నిలిచినప్పుడే చేట దించేయల్ల పాపా. నువ్వు పడవ తిప్పేసుకో" అన్నది. పడవవాళ్ళు చెప్పే పాఠమూ అక్షరాలా అదే. నీరు మనకు కొత్త. గాలి కొత్త కాదు. ఆనాటినుండి ఆమె అడ్డుచెప్పడం మాని, ప్రశ్నలు వేయడం మొదలుపెట్టినది.

ఆ ప్రశ్నల పుణ్యమా అని మాకొక పట్టిక తయారయినది. ప్రయాణం ఉదయం పూట. ముందురోజూ ఆ ఉదయమూ వాతావరణ శాఖ వారి సూచన చూడడం. నీటిమీద తెల్లని నురుగు తలలు విరివిగా కనబడితే కొత్తవారు ఒడ్డునే ఉండడం. గురువుగారి రక్షణ పడవ నీటిలో ఉంటేనే దిగడం. ఎప్పటికి తిరిగివస్తారో ఒడ్డున ఒకరికి చెప్పడం. మెడలో ఈల, తాడుకట్టిన టోపీ, కాళ్ళకు బూట్లు, త్రాగే నీళ్ళు. గాజులు, గొలుసులు ఇంట్లోనే. తాడు కప్పీలోనుండి జారిపోకుండా చివర వేసే 8 అంకె ముడి, మా బావిచేద తాటితోనే పిల్ల సాధన చేసినది.

మొదటిరోజు గురువుగారు పడవను నడపడం నేర్పలేదు. బోల్తా కొట్టించడం నేర్పారు. పడవ తిరగబడినా దానిని వదలి ఒడ్డుకు ఈదరాదు. దూరంనుండి చూచేవారికి పడవ కనబడుతుంది, తల కనబడదు. అడుగు పలకమీద బరువువేసి దానిని మళ్ళీ నిలబెట్టాలి. రెండవ పాఠం ఇంకా విలువైనది. గాలి మించి పడవ ఒరుగుతున్నపుడు తెరచాప తాడు వదలివేయాలి. తెరచాప రెపరెపలాడి పడవ నెమ్మదిస్తుంది. భయం వేస్తే ఎవరైనా చేతిలోనిది బిగించి పట్టుకొంటారు. ఇక్కడ ప్రాణం కాపాడేది వదలడమే. ఆ మాట విని మా అమ్మ చాలాసేపు ఊరకున్నది. తరువాత, "మా తమ్మునికి ఎవరూ ఏమీ నేర్పలేదు" అన్నది, అంతే.

పెద్ద ప్రయాణాలకూ ఇదే సూత్రం. 2017 సెప్టెంబరు 10న గోవానుండి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప నౌకలో భారత నౌకాదళ మహిళలు ఆరుగురు భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. విశాఖపట్నం పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య వారిలో మన తెలుగు ఆడపడుచులు. 2018 మే 21న తిరిగివచ్చారు. మొత్తం 254 రోజులు. అందరూ ఆ సాహసాన్నే చెప్పుకొంటారు. దానికి ముందు మారిషస్‌దాకా పోయివచ్చి చేసిన సాధనను ఎవరూ చెప్పుకొనరు. తిరుగు దారిలో చుక్కాని త్రిప్పే యంత్రం చెడితే, ఇల్లు దగ్గరపడినదని తొందరపడక, మారిషస్ రేవులో ఆగి బాగుచేసికొని మరీ వచ్చారు. ఆగడం తెలిసినవారే చేరుతారు.

మా మనుమరాలు ఇప్పుడు ఒంటరిగా పడవ త్రిప్పుకొని వస్తున్నది. వెళ్ళిన ప్రతిసారీ ముందుగా జేజికి ఫోను చేసి గాలి ఏ తట్టో చెప్తుంది. సంఘ కుటుంబాలలోని తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈనాటి పిల్లలు ఎక్కడెక్కడికో పోతారు. ఏదో ఒకనాడు ఏరో, చెరువో, సముద్రమో వారికి ఎదురుపడకపోదు. ఆనాడు వారివెంట మన భయం పోకూడదు, మన జాగ్రత్త పోవాలి. ఈ వేసవి సెలవులలో ఈతతో మొదలుపెట్టండి.