మెడకు తెలిసిన బరువు

"మోటరు బందు చేసినప్పుడు కాంటా తప్పు చూపెడ్తది బిడ్డా" అని మా చిన్నమ్మ రెండేళ్లు చెబుతూ వచ్చింది. మద్నూర్‌లో పత్తి ఏరినందుకు కూలి కిలోల లెక్కన ఇస్తారు. ఏరేది దాదాపు అందరూ ఆడవాళ్లే. తూకం వేసేదీ, రాసుకునేదీ మగవాళ్లు. "మిషన్ అబద్ధమాడదు, దానిమీద సర్కారు ముద్ర ఉంది" అనేవాడు పటేలు. కాంటా బాగుచేసే అతను రెండుసార్లు వచ్చి తూకపు రాళ్లు పెట్టి చూశాడు. సరిగ్గానే ఉంది. ఇక తప్పు చిన్నమ్మదే అయింది. చాదస్తమన్నారు, తెలుగులోనూ మరాఠీలోనూ. మూడు రాష్ట్రాల సరిహద్దు కదా, ఆడవాళ్ల మాట కొట్టిపారేయడానికి మా దగ్గర భాషలకు కొదవలేదు.

నేనూ నమ్మలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను క్లాసులో చెప్పేదాన్ని. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలు కూడా సాక్ష్యమేనని వాదించేదాన్ని. చిన్నమ్మను మాత్రం రుజువు అడిగాను.

చిన్నమ్మ బిడ్డ హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు పరీక్షించే పని చేస్తుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు లావుపాటి పెన్నులాంటి సాధనం ఒకటి తెచ్చింది. అయితే దాన్ని బయటికి తీయకముందు వాళ్లమ్మను కూర్చోబెట్టి అడిగింది: "మోటరు ఏసినప్పుడా, బందు చేసినప్పుడా? మొదటి మూట మీదనా, రెండోది పెట్టినంకనా?" చిన్నమ్మ ఒక్కదానికీ తడుముకోలేదు. "బందు చేసినప్పుడే. అంకెలు ఒక్కసారి ఆరి మల్ల ఎలుగుతయి. గప్పుడు ముందు పెట్టిన మూట పోతది."

మోటరు ఆపినప్పుడు స్టార్టరు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుడుతుంది. దానివల్ల అతి వేగమైన విద్యుత్ పల్స్‌లు వైర్లలోకి, చుట్టుపక్కల గాలిలోకి వెళతాయి. వాటిని అనుకరించే పరీక్షకు ఐఇసి 61000-4-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఒక్కో పల్స్ 5 నానోసెకన్లలో లేచి, సుమారు 50 నానోసెకన్లు ఉంటుంది. చెన్నైలోని సమీర్ లాంటి పెద్ద ల్యాబుల్లో ఇలాంటి పరీక్షలు చేస్తారు. కానీ ఆ పరీక్ష పరికరం తట్టుకుందో లేదో చెబుతుందే తప్ప ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పదు. పెన్ను పని అక్కడే. దాని కొన దగ్గర మాత్రమే చిన్న పల్స్ క్షేత్రం పుడుతుంది. బోర్డు మీద వేలెడు వేలెడు జరుపుతూ పోతే లోపం ఉన్నచోట దొరికిపోతుంది.

బాగుచేసే అతనితోనే సీలు విప్పించారు. ఆ తర్వాత మళ్లీ ముద్ర వేయించాలి. పెన్ను కొన చిప్ రీసెట్ తీగ దగ్గరికి రాగానే అంకెలు ఆరి వెలిగాయి. చిన్నమ్మ చెప్పినట్టే. ఇలాంటి కాంటాలు మొదలయ్యేటప్పుడు మీదున్న బరువును సున్నాగా తీసుకుంటాయి. సాధారణంగా సామర్థ్యంలో 20 శాతం దాకా, అంటే వంద కిలోల కాంటాలో ఇరవై కిలోలు. ముందున్న మూట సున్నా అయిపోయి, తర్వాత పెట్టినవే లెక్కకొచ్చేవి. స్టార్టరు పెట్టె కాంటా పక్క గోడకే ఉంది. మోటరు ఆపేది తూకం వేళకే. రాళ్లు పెట్టి చూసిన రెండుసార్లూ మోటరు కదల్లేదు.

రీసెట్ కాలు దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతికించి, మోటరు పదిసార్లు వేసి ఆపారు. అంకె కదల్లేదు.

నా చదువంతా వేసి చూసుకున్నా, చెల్లె చేసిందే సరైన పరిశోధన అనిపించింది. నేను రుజువు దొరికాక నమ్ముదామనుకున్నాను. తను ముందు నమ్మింది కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది. అలాగని ప్రతి ఫిర్యాదునూ పెన్నుతో మళ్లీ పుట్టించి చూపించలేం. ఇంట్లోనో, ఆఫీసులోనో తలుపు మూసి అన్న మాటను ఏ పల్స్ తిరిగి పలికిస్తుంది?

పటేలు కూడా చివరికి ఒప్పుకున్నాడు, మిషన్‌లో లోపముందని. చిన్నమ్మ నవ్వలేదు.

"మిషన్ చెప్తే నమ్మిండ్రు. మూట మోసిన నా మెడ చెప్తే నమ్మలే" అంది. కాసేపాగి, "మరి రెండేండ్ల మూటల లెక్క ఎవలిస్తరు బిడ్డా?" అని నన్నే అడిగింది.

పటేలు పుస్తకంలో ఆ మూటల్లేవు.