మూడు రంగుల పొద

రాజమండ్రిలో మా అత్తయ్యగారింటి ప్రహరీ పక్కన నడుమెత్తు పొద ఒకటుంది. ఒకే కొమ్మకు ముదురు ఊదా పువ్వు, లేత ఊదా పువ్వు, తెల్ల పువ్వు. అంటు కట్టిన మొక్కని ఆవిడ, బిళ్ళగన్నేరులో కొత్త రకమేమోనని నేను. ఫోనుకి చూపిస్తే ఊదా పువ్వుకి ఒక పేరు, తెల్లదానికి ఇంకో పేరు చెప్పింది. ఇక లాభం లేదని రెమ్మ తుంచి, తడిగుడ్డలో చుట్టి, కడియం బస్సెక్కాను.

కడియపులంకలో దిగితే దారికి అటూ ఇటూ నర్సరీలే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ గోదావరి కాలవల నీళ్లూ, ఒండ్రుమట్టీ ఈ ఊళ్లకు మొక్కల వ్యాపారాన్ని ఇచ్చాయి. నేను వెళ్లిన తోటలో షేడ్‌నెట్ కింద ఒక పెద్దావిడ మట్టీ ఎరువూ కలిపి కవర్లలో నింపుతోంది. రెమ్మ చూపించి, "ఇదేం మొక్క పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ పూల జోలికే పోలేదు. ఆకు తుంచి, తెగినచోట వేలితో నొక్కింది. "పాలు రాలేదు చూశారా అమ్మా? గన్నేరు జాతి కాదండి, నందివర్ధనమూ కాదు." తర్వాత కాడ తిప్పి చూపించింది. బిళ్ళగన్నేరుకి ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. దీనికి ఒకటి ఇటు, ఒకటి అటు. అప్పుడు పువ్వు పట్టుకుంది. విడివిడిగా కనిపించే అయిదు రేకులూ అడుగున కలిసి సన్నని గొట్టమయ్యాయి.

"అంటు కాదమ్మా. ఊదాది ఇయ్యాల విచ్చింది, లేతది నిన్నటిది, తెల్లది మొన్నటిది. మేం ఎస్టర్డే టుడే అంటాం."

నాలుగు వరసల అవతల అదే మొక్క ఉంది. కుండీకి గుచ్చిన అట్టముక్క మీద బ్రన్‌ఫెల్సియా పౌసిఫ్లోరా అని రాసుంది. బ్రెజిల్ మొక్క, వంగ, మిరప, ఉమ్మెత్తల కుటుంబం. విచ్చినప్పుడు రేకుల్లో నిండుగా ఉన్న ఊదా రంగుపదార్థం రోజురోజుకీ విరిగిపోతుంది, అందుకే తెల్లబడుతుంది. పౌసిఫ్లోరా అంటే కొద్ది పూలదని అర్థమట. నా ఎదుట ఉన్నదేమో ఆకు కనిపించనంతగా పూసింది! దీని కాయలు కుక్కలకు విషం. అత్తయ్యకు ముందు ఆ మాటే ఫోన్ చేసి చెప్పాను, వాళ్లింట్లో కుక్కపిల్ల ఉంది.

ఇంటికొచ్చాక ఆ పేరు వెనక ఎవరున్నారా అని వెతికాను. ఒట్టో బ్రున్‌ఫెల్స్, 16వ శతాబ్దపు జర్మన్ పండితుడు. 1530లో స్ట్రాస్‌బర్గ్‌లో వచ్చిన ఆయన మూలికల పుస్తకానికి హాన్స్ వైడిట్జ్ బొమ్మలు వేశాడు. పాత పుస్తకాల్లోంచి దించకుండా, మొక్కను ఎదుట పెట్టుకుని, వాడిన ఆకును వాడినట్టే, విరిగిన కాడను విరిగినట్టే గీశాడు. పెద్దమ్మ నా రెమ్మను చూసిన పద్ధతీ అదే. నేనూ ఫోనూ మాత్రం రంగు దగ్గరే ఆగిపోయాం.

మొక్క ఒకటి కొనుక్కొచ్చాను. మర్నాడు పొద్దున కొత్తగా విచ్చిన ఊదా పువ్వు కాడకి ఎర్రదారం కట్టాను. రెండోరోజుకి అది లేతబడింది. మూడోరోజు చూస్తే, దారం తెల్ల పువ్వుకి ఉంది.