నూనె బెజ్జాలు

పాత కుట్టు మిషను చెడిపోదనీ, ఆనాటి ఇనుమే వేరనీ మనవాళ్ళకి ఓ గట్టి నమ్మకం. గణపవరం లాంటి చోట ఆ నమ్మకం ఒక్క వానాకాలం కూడా నిలవకూడదు. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, ఆ పక్కన కొల్లేరు. గాలే తడిబట్టలా ఉండే ఈ నేలమీద తలుపు గడియకి పట్టే తుప్పు మిషనుని మాత్రం ఎందుకు వదులుతుంది? అయినా ఇక్కడి ఇళ్ళల్లో అమ్మమ్మల నాటి ఉషాలు, సింగర్లు ఇంకా జాకెట్లు కుడుతున్నాయి. ఇందులో లోహం గొప్పతనం కొంతే. మిషను తన లోపలి సంగతి ఇంట్లోవాళ్ళకి దాచకుండా చూపిస్తుంది కాబట్టే అది బతికిందని నేననుకుంటాను.

సాక్ష్యానికి ఆ నల్లటి హెడ్డు మీదే నూనె బెజ్జాలున్నాయి. ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతిచోటికీ పైనుంచి ఒక దారి. ఎడమ పక్క రేకు విప్పితే సూది కమ్మీ కనిపిస్తుంది. హెడ్డు వెనక్కి వాలిస్తే ఇరుసులు, షటిల్, బట్టని జరిపే పళ్ళు అన్నీ బయటపడతాయి. చేసే పనీ దాపరికం లేనిదే. సూది కిందికి దిగి కాస్త పైకి లేవగానే దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. షటిల్ ముక్కు దాన్ని అందుకుని బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది. పైదారం కిందిదారాన్ని మెలేసుకుని ముడి బట్ట మధ్యలో దాగుతుంది. కొన మీద కన్నున్న సూదీ, షటిల్‌తో కుట్టే పద్ధతికి ఇలియాస్ హోవ్ 1846లో పేటెంటు తీసుకున్నాడు. సింగర్ పేటెంటు 1851 నాటిది. 1930లలో కలకత్తాలో పుట్టిన ఉషా సింగర్ అచ్చునే అనుసరించింది. అందుకే ఇంట్లోని నల్ల మిషనుకి సూది, బాబిన్ ఇవాళ్టికీ బజారులో దొరుకుతాయి. యంత్రాలంటే గిట్టని గాంధీ 1924లో సింగర్ మిషనుకి మినహాయింపు ఇచ్చాడంటే ఆశ్చర్యం లేదు. అది మనిషి చేతికింద ఉండే యంత్రం.

ఇక రోగాలు. కుట్టు అడుగున దారం గుత్తులుగా వస్తే అందరూ బాబిన్‌ని తిడతారు. తప్పు ఎక్కువగా పైనే ఉంటుంది: బట్టని నొక్కే పాదం కిందికి దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగదు. కుట్టు తప్పిపోతుంటే ముందు సూది మార్చాలి. పొడుగు గాడి ఉన్న వైపునుంచి దారం లోపలికి వెళ్తోందో లేదో చూడాలి. మిషను బరువెక్కితే నేరం చాలాసార్లు కొబ్బరినూనెది. శీతాకాలం తెల్లవారుజామున సీసాలోనే గడ్డకట్టే నూనె మిషను కీళ్ళలో ఎలా కదులుతుంది? దుమ్ము కలిసి బంకవుతుంది. పొయ్యికి దూరంగా పెట్టుకుని నాలుగు చుక్కల కిరసనాయిలు వేసి తిప్పి, తుడిచి, ఆపైన మిషను నూనె పొయ్యాలి. పాత గుడ్డమీద కాసేపు ఉత్తినే కుట్టాలి. మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు పళ్ళ కింద పేరుకునే బొచ్చు. అది తడి పీల్చి ఇనుముకి అంటిపెట్టుకుని ఉంటుంది. ప్లాస్టిక్ కవరు కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది, పాత నూలుచీర ముక్క మేలు. తోలు బెల్టు వానల్లో సాగితే కొంచెం కోసి మళ్ళీ కొక్కెం బిగిస్తే సరి. హెడ్డు మీది బంగారు పువ్వుల్ని మాత్రం స్పిరిట్‌తో తుడవకండి, పువ్వులు గుడ్డకే వచ్చేస్తాయి.

మెకానిక్కుండగా ఇంట్లో కెలకడమెందుకని ఒక ప్రశ్న. సూది మార్చడానికీ బొచ్చు తియ్యడానికీ మెకానిక్కుని పిలవడం దీపం వత్తి ఎగదొయ్యడానికి మనిషిని పెట్టుకోవడం లాంటిది. టెన్షన్ స్క్రూని పావు చుట్టుకి మించి ఒకేసారి తిప్పేవాళ్ళని చూస్తే మాత్రం నాకూ ఆ ప్రశ్నలో న్యాయం కనిపిస్తుంది. కొత్త మిషను జిగ్‌జాగ్ కుడుతుంది, కాజాలు తీస్తుంది, తేలికగా ఉంటుందని మరొక మాట. నిజమే. సాగే బట్ట కుట్టాలంటే నల్ల మిషను పనికిరాదు, దాన్ని సమర్థించను. కానీ జాకెట్టు కుట్టు విప్పి వదులు చెయ్యడానికీ, లంగా అంచు మడవడానికీ, దిండు గలీబుకీ తిన్నని కుట్టు చాలు. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రం ఒకటి విరిగితే కొత్త మిషను ఎక్కడ ఆగిందో ఇంట్లోవాళ్ళకి తెలిసే దారి లేదు.

నా వాదన ఒకచోట ఆగిపోతుంది. సూదీ షటిల్ కలుసుకునే క్షణం తప్పితే, దాన్ని వెంట్రుకవాసి తేడాతో సరిచెయ్యడం చూసి నేర్చుకునే పని కాదు. ఏళ్ళ తరబడి చేసిన చెయ్యి కావాలి. చేతివృత్తులవారి కోసం 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ ఉన్నాడు, పనిముట్లకి 15 వేల రూపాయలదాకా సాయముంది. తాళాలు చేసేవారూ ఆ జాబితాలో ఉన్నారు. దర్జీ మిషను బాగుచేసే మనిషికి మాత్రం అందులో చోటు లేదు.